పోబాక

కావలిలో మా టాకీసు రైలు పట్టాలకి మరీ దగ్గర.
సెకండ్ షో మధ్యలో గూడ్సు పోతే
బెంచీలు వణికేవి, తెర వణికేది,
తెరమీది తెల్లచీర ఆమె కూడా
మాతోపాటు కాసేపు వణికేది.
దెయ్యం మా ఊరిదే అనిపించేది.

మమ్మల్ని భయపెట్టింది ఆమె కాదు, తలుపు.
లాంతరు పట్టుకుని హీరోయిను నడిచే పొడుగు వసారా,
చివర ఓరగా వేసిన తలుపు,
అడుగుకీ అడుగుకీ నడుమ
వాయిద్యాలన్నీ ఊపిరి బిగబట్టిన జాగా.
అప్పుడు ఆడోళ్ళ బెంచీలోంచి రవణమ్మ లేచి నిలబడి
"పోబాక మే! లోపలికి పోబాక!"
వెంటనే నేల, కుర్చీ, బాల్కనీ,
సోడాలమ్మే పిలగాడితో సహా, "పోబాక!"
ఆమె పోయేది.
రోజుకి నాలుగాటలు, యాభై రోజులు
ఊరంతా చెప్పినా పోయేది.

మస్తాన్ మామ ప్రొజెక్టర్ గదిలో నాకొక స్టూలుండేది.
ఒక రాత్రి సరిగ్గా ఆ తలుపు దగ్గర
రీలు తెగింది.
మామూలుగా అయితే ఈలలు, బూతులు.
ఆ రాత్రి ఒక్కరూ కిక్కురుమనలేదు.
ఆరిన బీడీ పళ్ళ మధ్య పెట్టుకుని
మామ టేపు అతికిస్తున్నాడు.
నలభై సెకన్లు.
ఆ చీకటిని ఏ డైరెక్టరూ తీయలేదు.
జనం ఇంటిదాకా మోసుకుపోయింది మాత్రం దాన్నే.

ఇప్పుడు టాకీసు నిండా రొయ్యల మేత బస్తాలు.
పక్క వీధి మేడమీద, ఫ్యాను మూలుగు కింద
దెయ్యాల వీడియో గేమ్ రాస్తున్నాం
నేనూ, బిట్రగుంట నుంచి వచ్చే జిలానీ.
అన్నీ ఆ హాల్లోంచి ఎత్తుకొచ్చినవే, ఒప్పుకుంటా.
వసారా. మూడడుగులు దాటని లాంతరు వెలుగు.
సగం కథ దాకా దెయ్యాన్ని చూపించకపోవడం,
చూపించినా వీపే చూపించడం.
రాత్రి రెండింటికి రైల్వే గేటు దగ్గర
ఫోన్లో పట్టుకొచ్చిన గూడ్సు చప్పుడు.
నలభై సెకన్ల చీకటి, ఒక్కటీ తగ్గకుండా.

"మరి తేడా ఏందన్నా?" అన్నాడు జిలానీ.
తేడా ఇదిరా.
ఆడ కళ్ళు మూసుకుంటే కథ మనల్ని దాటుకుని పోయేది.
వేళ్ళ సందుల్లోంచి చూసి, బతికి,
బయటికొచ్చి బజ్జీలు తిన్నాం.
ఈడ కళ్ళు మూసుకుంటే
కథ కూడా ఆగి, పక్కనే నిలబడి ఉంటది.
వద్దని అరిచిన నోరు ఎవరిదో
పోవాల్సిన బొటనవేలూ వాళ్ళదే.

రవణమ్మ గొంతు కావాలని వాళ్ళింటికి పోయా.
మోకాళ్ళకి నూనె రాసుకుంటా
"ఎవరికబ్బయా చెప్పాల్సింది?" అంది.
తెలవదత్తా. ఎవరో. తలుపు దాకా వచ్చుండారు.
అంతే.
పాతికేళ్ళు అరలో దాచిన అరుపు
ఇత్తడి గిన్నె కిందపడ్డట్టు మోగింది.

మొదట ఆడించింది మస్తాన్ మామ చేత.
కార్బన్ రవ్వలు కాల్చిన వేళ్ళు
మీటలు తడుముకున్నాయి. నడిచాడు.
చీకటిలో నలభై లెక్కపెట్టాడు, పైకే.
వెలుగొచ్చింది. తలుపు.
రవణమ్మ అరిచింది.
మామ ఆగాడు.
నిమిషం. రెండు. టీ మీద మీగడ కట్టింది.
"నొక్కు మామా."
"ఆ యమ్మ అంతగా చెప్తుంటే యాడికిరా పోయేది?"
కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, లుంగీ సర్దుకుని,
"నేను పోను. దాన్నే రమ్మను."

అట్టా అంటే ఏం జరగాలో నేను రాయలేదు.
మేం చూసిన ఏ సినిమాలోనూ
ఎవరూ అట్టా అనలేదు.
గదిలో గూడ్సు పోతా ఉంది,
మా ఆటలోదో, బయట పట్టాల మీదిదో.

తెల్లారేదాకా కూర్చున్నా.
ఇప్పుడు ఎవరైనా రవణమ్మ మాట విని
ఆ తలుపు ముందు కదలకుండా నిలబడితే,
నాలుగు నిమిషాలకి
లోపలినించి గడియ తీసిన చప్పుడవుద్ది.